టోపీ గుల్ల జాగా

ఆ సంవత్సరం వేరే రాష్ట్రం కావాలని తెలంగాణ మొత్తం కూర్చుంది. రోడ్ల మీద కూర్చుంది, రైలు పట్టాల మీద కూర్చుంది, ఆఫీసుల ముందర టెంట్లు వేసుకొని కూర్చుంది. కూర్చోవడం చేతగాక తిప్పలు పడ్డవాణ్ణి మా కోరుట్ల మొత్తంలో నేనొక్కణ్ణే అయివుంటాను.

అప్పుడు నేను మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాను. దసరా వెళ్ళగానే తిరిగి విమానం ఎక్కాలి. ఎక్కాలని లేదు. ఎక్కకపోతే ఇక్కడ ఏం చేయాలో తెలియదు. మా ఇంటామె "ఉండు" అని ఒక్క మాటంటే ఉండిపోదామనుకున్నాను. "పో" అన్నా సరే, తిట్టుకుంటూ పోయేవాణ్ణి. ఆమె రెండూ అనలేదు. పొద్దున లేచి, బీడీల చాట చంకన పెట్టుకొని దీక్ష టెంటుకు పోయేది. పొద్దుగూకే వేళకు వచ్చేది. ఆమె నోట్లోంచి ఆ ఒక్క మాట ఎట్లా రాబట్టాలా అన్నదే ఆ సెలవంతా నాకున్న పని.

ఆ ముందు నాకున్న పనేమిటంటే, సముద్రానికి గడ్డం గీయడం. నవ్వకండి. ఉప్పు నీళ్ళను తాగే నీళ్ళు చేసే ప్లాంటు అది. రాళ్ళూ కాంక్రీటూ కట్టిన కాలువ గుండా సముద్రాన్ని లోపలికి లాగుతారు. ఆ గోడలకు పాచి పడుతుంది, గుల్లలు పడతాయి. అవి పెరిగి, ఊడి, ఇనుప జాలీలకు అడ్డం పడితే ప్లాంటు దగ్గడం మొదలుపెడుతుంది. అందుకని సముద్రం వెనక్కి తగ్గిన పూట మేం నడుముకు తాళ్ళు కట్టుకొని దిగి, ఇనుప బద్దలతో గీకేవాళ్ళం. ఏడో తరగతిలో బడికి రాంరాం చెప్పినవాడి చేతికి ఇంతకన్నా పెద్ద క్షవరం ఎవరిస్తారు? మా పక్క మంచం ఆయనది ఇబ్రహీంపట్నం. ఇంటికి ఫోను చేసినప్పుడల్లా "మెషీన్ ఆపరేటర్‌ను" అని చెప్పుకునేవాడు. ఆయన మెషీనూ ఆ ఇనుప బద్దే.

గుల్లల్లో చాలా రకాలున్నాయి గానీ, ఒకటి మాత్రం నన్ను పట్టుకుంది. చిన్నపిల్లల టోపీ బోర్లించినట్టు ఉంటుంది. నత్త జాతే. కానీ మన పొలాల్లో నత్తకున్నట్టు మెలికలు తిరిగిన ఇల్లు లేదు, లోపలికి ముడుచుకొని వేసుకునే మూత లేదు. పైన ఒక గోపురం, కింద ఒక కండ. ఆ కండే కాలు, ఆ కాలే తలుపు, ఆ తలుపే తాళం. దాన్ని లింపెట్ అంటారని మా గదిలోని మలయాళీ చెప్పాడు. ఆయన డిగ్రీలో జంతువుల చదువు సగం చదివి వదిలినవాడు. నేను ఏడు వదిలాను, ఆయన డిగ్రీ వదిలాడు, ఇద్దరికీ చేతికిచ్చింది ఒకటే బద్ద. మేం తెలుగువాళ్ళం దాన్ని టోపీ గుల్ల అన్నాం.

మొదటిసారి దాన్ని చూసి, ఇదెంత అని బొటనవేలితో ఒక నెట్టు నెట్టాను. అంతే. ఒక్క రవ్వ కిందికి దిగినట్టు కనపడింది, ఇక రాయీ అదీ ఒకటే. రెండు చేతులూ వేశాను, బద్ద వేశాను, మస్కట్‌లో వినని బూతులన్నీ వేశాను. చివరికి చిప్ప పగిలింది గానీ కండ రాయిని వదల్లేదు. మలయాళీ పైనుంచి చూసి నవ్వాడు.

"దానికి సలాం ఎందుకు కొట్టావు? తట్టి లేపావంటే అయిపోయింది. దానికి తెలియకముందే పక్కనుంచి ఒక్కటివ్వాలి" అన్నాడు హిందీలో.

ఇచ్చి చూశాను. నిమ్మళంగా ఉన్నప్పుడు అది అంచు కొంచెం పైకెత్తుకొని ఉంటుంది, ఊపిరి పీల్చుకుంటున్నట్టు. ఆ పూట ఒక్క దెబ్బకు బొట్టుబిళ్ళ ఊడినట్టు ఊడి చేతిలో పడింది. ముందు తడితే గునపానికి లొంగదు, చెప్పకుండా కొడితే చిటికెన వేలికి లొంగుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. నేను మర్చిపోబట్టే నాకు తిప్పలొచ్చాయి.

నాకు దాని దినచర్య మీద మోజు పుట్టింది. నీళ్ళు దిగిపోయి ఎండ పడేసరికి అది రాయికి అతుక్కొని, చిప్ప కింద గుక్కెడు నీళ్ళు దాచుకొని, కదలదు మెదలదు. నీళ్ళు మళ్ళీ కమ్ముకున్నాక బయలుదేరుతుంది, మేతకు. దాని నాలుక చూడాలి, ఆకురాయి పట్టీ లాంటిది, వరసలు వరసలు పళ్ళు. ఆ పళ్ళలో ఇనుము ఉంటుందట. రాయి మీది పాచిని ఆ నాలుకతో గీకి తింటుంది. అది మేసిన చోట పచ్చటి పాచి మీద అటూ ఇటూ వంకర గీతలు కనపడతాయి, కొత్త మంగలి చేసిన క్షవరంలాగ. అంటే నేనూ అదీ ఒకే కంపెనీ. సముద్రం గోడలు గీకే పని. దానికి వీసా అక్కర్లేదు, అంతే తేడా.

మేత అయినాక తిరిగి వస్తుంది. ఎక్కడికో కాదు, లేచిన జాగకే. నేను మొదట నమ్మలేదు. గోడకు నంబర్లు వేసే ఎర్ర రంగుతో ఒకదాని చిప్ప మీదినుంచి రాయి మీదికి ఒక గీత గీశాను. సగం గీత దాని మీద, సగం రాయి మీద. మర్నాడు నీళ్ళు దిగాక చూస్తే రెండు సగాలూ కలిసి ఉన్నాయి. వెంట్రుకవాసి తేడా లేదు. మూతి ఏ దిక్కు పెట్టి కూర్చుందో ఆ దిక్కే. వచ్చిన దారిలో తన జిగురే తనకు ఆనవాలు అని మలయాళీ అన్నాడు. ఎందుకు మళ్ళీ అక్కడికే అంటే, రాయి ఎక్కడా సాపుగా ఉండదు గదా, చిప్ప అంచు ఆ ఒక్క జాగా ఎత్తుపల్లాలకే సరిపోయేటట్టు తయారై ఉంటుంది. ఇంకో చోట కూర్చుంటే సందు వస్తుంది. సందులోంచి దాచుకున్న గుక్కెడు నీళ్ళు కారిపోతాయి. ఆ తర్వాత అరబ్బు దేశం ఎండ సంగతి చెప్పాల్నా?

అన్నిటికన్నా నాకు నచ్చిన ముచ్చట ఇంకొకటి. రాయి మెత్తటిదైతే గుల్ల రాయిని అరగదీసి, గుండ్రటి గుంట చేసుకొని కూర్చుంటుంది. రాయి గట్టిదైతే తన చిప్ప అంచే అరిగి, రాయికి తగ్గట్టు అవుతుంది. ఎవరో ఒకరు అరగాల్సిందే.

ఇది విన్నప్పుడు మా బాపు గుర్తొచ్చాడు. తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు. ఆయన ఛాతీ మీద, పాదాల లోపలి దిక్కు చర్మం కాయలు కాసి చెప్పుల అట్టలాగ ఉండేది. చెట్టు మీద చూస్తే టోపీ గుల్లే, గాలి దుమారానికి కూడా రాలేవాడు కాదు. తాటిచెట్టు గట్టిది గాబట్టి ఆయనే అరిగాడు.

సరే, ఇంటికొచ్చాను. అందరూ పెట్టెలో సబ్బులు, అత్తరు, బాదంపలుకులు తెస్తారు. నేను వాటితోపాటు గుప్పెడు టోపీ గుల్లలు తెచ్చాను. మా అత్త మాతోనే ఉంటుంది, అంటే నేను లేని ఇంట్లో కూతురికి తోడుగా. ఆమె గుల్లలను చాప మీద పోసి తిప్పితిప్పి చూసింది.

"అల్లుడా, అందరు గల్ఫుకెళ్లి బంగారం తెస్తరు. నువ్వేంది, సముద్రం చెత్త తెచ్చినవ్?"

"చెత్త గాదత్తా, గిది చూడు. కొన్ని జాతులల్ల గిది పుట్టినప్పుడు మగది. పెద్దగైనంక ఆడదైతది."

"మంచిదే గద" అంది అత్త, గుల్లను చాప మీద పడేస్తూ. "పెద్దగైనంకనన్న అకలూ తెలివీ వచ్చినట్టు."

మా ఇంటామె తల ఎత్తకుండా నవ్వింది. బీడీ చుడుతోంది. తొమ్మిదో తరగతి చదివే మా బిడ్డ కిటికీ దగ్గర నవ్వింది. బళ్ళు సమ్మెలో ఉన్నాయి, పిల్లకు నవ్వడానికి బోలెడు తీరిక.

ఆ నవ్వుల మధ్య నేను గోడకు ఆనుకుని కూర్చుందామని వాలాను.

"లే, అది నా జాగ" అంది మా ఇంటామె.

వెనక్కి తిరిగి చూశాను. సున్నం గోడ మీద నూనె మరక. ఆమె తల ఆనే చోట నల్లగా, గుండ్రంగా, కింద వీపు ఆనే చోట నున్నగా మెరుస్తూ. ఎదురుగా గచ్చు కూడా ఆమె మడిచిన కాళ్ళ మేరకు అరిగి తళతళలాడుతోంది. ఎన్నేళ్ళు అక్కడ కూర్చుని బీడీలు చుట్టిందో. అయినా నా నోరు ఊరుకుంటుందా.

"ఓహో, గుల్ల జాగా" అన్నాను.

"ఎవలయ్యా గుల్ల? నువ్వే గుల్ల" అంది.

లేచి మంచం మీద కూర్చున్నాను. నులక అత్త కొలతకు దిగి ఉంది. నా నడుము ఒక దిక్కు, కాళ్ళు ఒక దిక్కు. "అల్లుడా, పట్టె ఇరుగుతది" అంది అత్త. కిటికీ దగ్గరికి పోతే మా బిడ్డ, "బాపూ, ప్లగ్గు కాడ కూసున్నవ్, ఫోను చార్జింగు తీస్తున్నవ్" అంది. అరుగు మీదికి పోయాను. అక్కడ కోడిపెట్ట ఉంది. అది ఏమీ అనలేదు, కానీ చూసిన చూపు అత్త చూపే.

ఇంట్లో ప్రతివాళ్ళకూ ఒక అచ్చు ఉంది. నాకు లేదు. నేను పంపిన పైసలతో గచ్చు వేశారు, కిటికీ పెట్టారు, నేను కూర్చునే జాగా మాత్రం ఎవరూ పెట్టలేదు. పెట్టడానికి అది కట్టే వస్తువు కాదు, అరిగి అరిగి తయారవ్వాలి. నేనెప్పుడూ అరిగేదాకా ఉండలేదు గదా. అందుకని గది నుంచి గదికి, ఇంటి నుంచి చౌరస్తాకు, చౌరస్తా నుంచి ఇంటికి తిరిగేవాణ్ణి. తిరుగుతూ మా ఇంటామెను మెల్లగా తడుతుండేవాణ్ణి. "టికెట్ దగ్గర పడ్డది" అనేవాణ్ణి. "అవు" అనేది. "కంపెనీ వాడు ఫోన్ చేసిండు" అనేవాణ్ణి. "మరి ఎత్తినవా?" అనేది. "నేను పోతే మీకు కష్టం గదా?" అన్నాను ఒకసారి.

"ఇన్నొద్దులు గట్లనే ఉంటిమి గద" అని దారం తెంపింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా దిక్కు ఇళ్ళల్లో చాటకు మనిషికన్నా మర్యాద ఎక్కువ. చాట అంటే వెదురు చాటే. అందులో తంబాకు, కత్తిరించిన తునికాకు, దారం. ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడతారు. దాన్ని ఎవరూ దాటకూడదు, కాలు తగలకూడదు. పక్కకు పెట్టాలంటే రెండు చేతులా పట్టి, పాలగిన్నెలాగ నెమ్మదిగా పెట్టాలి. తంబాకు మట్టిలో పడిందంటే మళ్ళీ ఎత్తుకోరాదు, ఆ రోజు కష్టం ఆ మట్టిదే. నేను వచ్చిన మొదటి పూటే తొందరలో మా ఇంటామె చాటను దాటాను. ముగ్గురు ఆడవాళ్ళూ ఒకేసారి అరిచిన అరుపుకు కోడిపెట్ట అరుగు దిగి పారిపోయింది.

సమ్మెకు కూడా ఆడవాళ్ళు చాటలతోనే పోయేవాళ్ళు. "ఆకు నానవెట్టినంక సమ్మె అంటే ఆకు ఇంటదా?" అనేది మా ఇంటామె. టెంటు కింద వరసగా కూర్చొని, నినాదానికి నినాదం, బీడీకి బీడీ. చెయ్యెత్తి జై అనేది ఒక చెయ్యి, ఆకు పట్టుకునేది ఒక చెయ్యి.

ఇక్కడ ఉండాలంటే పని కావాలి గదా అని ఒకరోజు సిరిసిల్లకు బయలుదేరాను. అక్కడ మా బామ్మర్ది సాంచాలు నడుపుతాడు. సాంచాలంటే బట్ట నేసే కరెంటు మగ్గాలు. "రా బావా, చూపిస్త" అన్నాడు ఫోనులో. బస్సులు లేవు. జగిత్యాల దాకా ఒక ఆటో, అక్కడినుంచి ఎవరి బండి వెనకో ఒకరి బండి. ప్రతి ఊరి దగ్గరా రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటలు. దారి ఇవ్వరు. దారి కావాలంటే కూర్చొని తినాలి, అదీ ఉద్యమమే. బోయినపల్లి దగ్గరికి వచ్చేసరికి నాకు అది మూడో భోజనం.

"అన్నా, ఇంక సాలదు కడుపు" అన్నాను వడ్డించే ఆయనతో.

"తెలంగాణ రావాల్నా వద్దా?" అన్నాడు గరిటె చూపిస్తూ.

"రావాలె."

"అయితే తిను."

సిరిసిల్లకు తెలంగాణ కడుపుతో చేరాను. బామ్మర్ది షెడ్డులో సాంచాలన్నీ మౌనం. బొగ్గు బావులు సమ్మెలో ఉన్నాయి, కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. కరెంటు రాగానే అందరూ ఒక్కసారి లేచారు, షెడ్డు మొత్తం దడదడలాడింది. బామ్మర్ది నాలుగు సాంచాల నడుమ ఒక్కచోట నిలబడ్డాడు. ఎక్కడ పోగు తెగినా చెవితోనే తెలుస్తుందట, ఒక్క అడుగు వేసి అతికి మళ్ళీ తన చోటికి వచ్చి నిలబడతాడు. కాళ్ళ కింద నేల రెండు పాదాల మేరకు నున్నబడి ఉంది. అది చూసి నాకు నవ్వొచ్చింది, ఇక్కడ కూడానా అని.

"రెండు సాంచాలు సూసుకో బావా, గంతే" అన్నాడు.

నేను ఒకదాని దగ్గరికి ఉరికేసరికి ఇంకోదానిలో తెగేది. దాని దగ్గరికి ఉరికితే ఇది ఆగేది. మధ్యలో ఆయన సాంచె కూడా ఒకటి ఆపాను, ఎట్లా ఆపానో నాకూ తెలియదు. బామ్మర్ది చేతులు నడుము మీద పెట్టుకుని చూశాడు.

"బావా, సాంచె నడుపుతున్నవా, కబడ్డి ఆడుతున్నవా?"

"కూత గూడ పెట్టాల్నా?" అన్నాను. ఆయన నవ్వాడు గానీ మళ్ళీ రమ్మనలేదు. ఆ రాళ్ళ ఎత్తుపల్లాలకు నా అంచు సరిపోలేదు. వచ్చిన దారినే, అన్ని పొయ్యిల దగ్గరా మళ్ళీ తింటూ ఇంటికొచ్చాను.

"ఏమయింది?" అంది మా ఇంటామె.

"కడుపు నిండింది" అన్నాను. దసరా దగ్గర పడింది. పెట్టె అటక మీదినుంచి దించి మంచం కింద పెట్టాను, ఆమె చూడాలని. చూసింది. మర్నాడు ఊడ్చేటప్పుడు దాన్ని జరిపి, కింద ఊడ్చి, మళ్ళీ అక్కడే పెట్టింది.

ఆ వారంలోనే మా పెద్ద రోడ్డు మీద రాస్తారోకో అన్నారు. ఇంట్లో కాలు నిలవక నేనూ పోయాను, బిడ్డ కూడా వెంట వచ్చింది. ముందు వరసలో ఆడవాళ్ళు, ఒళ్ళో చాటలు. వెనక మగవాళ్ళు, ఒళ్ళో ఏమీ లేదు. నేను అటు కాసేపు ఇటు కాసేపు తిరుగుతుంటే మా ఇంటామె చెయ్యి చూపించింది.

"ఎందుకయ్యా తిరుగుతవ్, గీడ కూసో."

ఆమె పక్కన వరస చివర కూర్చున్నాను. కూర్చున్నాక నోరు ఊరుకోదు గదా. ఆడవాళ్ళకు టోపీ గుల్ల పాఠం చెప్పాను. పోలీసులు లేపడానికి వస్తే ఏం చేయాలో సముద్రంలోనే నేర్చుకోవాలన్నాను.

"మీద చెయ్యి పడంగనే కిందికి అమరుకోవాలె. కాళ్ళు లోపటికి, బరువు భూమికి. గుల్ల గట్లనే చేస్తది, గునపం వెట్టినా రాదు."

"పడక ముందే లేపితె?" అంది ఒకామె.

"తెలువకముందు కొడితె రాలుతది. గందుకె కన్ను వెట్టి ఉండాలె."

"గీయన మస్కట్‌ల ఏం జేసిండే?" అంది ఇంకొకామె మా ఇంటామెతో. "గుల్లలకు ట్యూషను చెప్పిండా?"

పోలీసులు వచ్చారు. ఆడ కానిస్టేబుళ్ళు ముందు వరసకు వచ్చారు. ఒక చిన్న పిల్ల, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది, మా ఇంటామె మీదికి వంగింది. వంగి, ముందుగా రెండు చేతులా చాట పట్టుకుంది.

"అక్కా, జర చాట పక్కకు వెడ్త" అంది.

ఆ పిల్ల చాటను ఎత్తి, తంబాకు తొణకకుండా నడిచి, రోడ్డు పక్కన నీడలో పెట్టి వచ్చేలోపు మా ఇంటామె కాళ్ళు లోపలికి తీసుకుంది. పక్కామె మోచేతిలో మోచెయ్యి వేసింది. ఊపిరి బిగబట్టి భూమిలోకి దిగింది. ఆ పిల్ల వచ్చి పట్టి లాగింది. ఇంకొకామె వచ్చింది. మూడో ఆమె వచ్చింది. రాయీ ఆమే ఒకటే.

పక్కామె దగ్గరా అంతే. "ఇటియ్యి పెద్దమ్మా, చాట ఇటియ్యి." ఆ వరస మొత్తం అంతే. రోడ్డు పక్కన నీడలో చాటలు ఒకదాని పక్కన ఒకటి, పెళ్ళిలో విస్తళ్ళలాగ వరసగా, ఒక్క పలుకు తంబాకు కింద పడలేదు. రోడ్డు మీద ఆడవాళ్ళు ఒక్కరూ కదల్లేదు. ఎస్సై అరుస్తున్నాడు.

"ముందుగాల మనుషులను లేపుర్రి! చాటలు తర్వాత!"

"తంబాకు వోతది సార్" అంది ఆ చిన్న పిల్ల. "మా అమ్మ గూడ చేస్తది సార్."

ఎస్సై ఏదో అనబోయి తుమ్మాడు. గాలి చాటల దిక్కునుంచి వస్తోంది. నాకు ఆగలేదు. వెనక్కి తిరిగి మగవాళ్ళతో, "చూసిన్రా, చాట ముట్టుడే సలాం కొట్టుడు. ముందు సలాం కొట్టినంక గుల్ల..." అంటుండగా నేను గాల్లో ఉన్నాను. ఇద్దరు కానిస్టేబుళ్ళు, ఇటు ఒకడు అటు ఒకడు. మాట సగంలో ఉంది, మనిషి వ్యానులో ఉన్నాడు. మిగతా సగం వ్యానులో చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

జగిత్యాల తీసుకుపోయి ఒక ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టారు. నన్ను ఎత్తిన కానిస్టేబులే చాయ్ తెచ్చి ఇచ్చాడు.

"ఏమన్నా, గంత అల్కగ లేచినవ్? దూదోలె ఉన్నవ్" అన్నాడు.

నవ్వుతూ చెప్పిన మాటే. నాకు మాత్రం చాయ్ చేదుగా దిగింది. ఎవరో పాట అందుకున్నారు, ఎవరో పేకముక్కలు తీశారు. నేను ఆ హాలంతా గోడ వెంబడి తిరిగాను. పెళ్ళిళ్ళకు వేసిన రంగులు, ఒక్క మరక లేని గోడలు. ఎవరూ ఎక్కువసేపు కూర్చోని ఇంట్లో గోడలు అట్లాగే ఉంటాయి. పొద్దు వాలుతుండగా వదిలేశారు. ముత్యంపేట దిక్కు పోయే ట్రాక్టరు ఎక్కి కోరుట్లలో దిగాను.

మా ఇంటామె తన జాగాలో ఉంది. చాట ఒళ్ళో ఉంది. నన్ను చూడగానే నవ్వు బిగబట్టుకుంది, ఆపుకోలేక పక్కుమంది. అత్త నవ్వింది, బిడ్డ నవ్వింది.

"బాపూ, నువ్వు వ్యానుల వడ్డంక గూడ చెయ్యి ఊపుకుంట ముచ్చట చెప్తనే ఉన్నవ్" అంది బిడ్డ.

నేను నవ్వలేదు. పెట్టెను కాలితో మంచం కిందినుంచి బయటికి లాగాను.

"ఇగ సూటిగ చెప్పు. నన్ను పొమ్మంటవా, ఉండుమంటవా?"

ఆమె నవ్వు ఆపింది. బీడీ మూతి గోటితో ముడిచి, దారం చుట్టి, కట్టలో పెట్టింది.

"వచ్చిన కాంచి తట్టుకుంట తిరుగుతున్నవ్. టికెట్ అంటవ్, ఫోన్ అంటవ్, పెట్టె దించుతవ్. గట్ల తడితే ఎవలన్న నోరు ఇప్పుతరా? గుల్ల ముచ్చట నువ్వే చెప్తివి గద."

"అయితే?"

"అయితే లేదు గియితే లేదు. నేను ఉండుమంటే ఉంటవ్. రేపు కల్లుకు పోయినకాడ 'మా ఇంటిది ఆపింది' అంటవ్. పొమ్మంటే పోతవ్. ఆడికెళ్లి ఫోన్ చేసి 'నువ్వే పొమ్మంటివి' అంటవ్. నీ గురించి నాకు తెల్వదా? కాళ్ళు కడుక్కో, తిందువు."

కాళ్ళు కడుక్కున్నాను. తిన్నాను. ఎక్కడ కూర్చుని తిన్నానో గుర్తులేదు, అరుగు మీదేమో.

మర్నాడు పొద్దున టెంటు దగ్గర మా ఇంటామె పక్కన కూర్చున్నాను. ఆడవాళ్ళు నిన్నటి ముచ్చటే, హాల్లో కానిస్టేబులన్న దూది మాటతో సహా, చెప్పుకొని నవ్వుతున్నారు, నేను వాళ్ళకు జవాబు చెప్తున్నాను. "దూదన్నా, ఇయ్యాల గాలి ఎక్కువున్నది, పైలం" అని ఒకామె అంటే, దానికి నేనేదో అనబోతూ తల తిప్పాను. ఒళ్ళో ఏదో బరువు పడింది. చూస్తే చాట. నానిన ఆకు, ఒక మూల తంబాకు, కత్తెర, ఆకు కొలిచే రేకు ముక్క. మా ఇంటామె అప్పటికే తన ఆకు మీదికి వంగింది.

"ఆకు కత్తిరించు" అంది. నా దిక్కు చూడలేదు.

"నాకు రాదు గద."

"రాకుంటే వస్తది. ఉత్త ఒడితోని కూసుంటవు గాబట్టె నిన్న గట్ల లేపిన్రు."

లేవబోయాను. లేవలేకపోయాను. చాట ఒళ్ళో ఉన్నవాడు ఎట్లా లేస్తాడు? తంబాకు పోతుంది. దిక్కులు చూశాను, కాళ్ళు అటూ ఇటూ కదిపాను, చాట ఊగింది. "పైలం, పైలం" అని వరసంతా ఒకేసారి అంది. ఇక కదల్లేదు. రేకు ముక్క ఆకు మీద పెట్టి, దాని చుట్టూ కత్తెర తిప్పాను. నా మొదటి ఆకులు టోపీ గుల్ల పాచి మేసినట్టు వంకరటింకరగా వచ్చాయి. అవి చేతికి చేతికి మారి వరస చివరి దాకా పోయి వచ్చాయి, ఒక్కొక్కరూ ఒక్కో మాటన్నారు. మగవాడు బీడీ ఆకు కత్తిరించడం చూసి చౌరస్తా చాయ్ హోటలు మొత్తం బయటికొచ్చి నిలబడింది. మా ఇంటామె వంకర ఆకుల్లో పనికొచ్చేవి ఏరి తన చాటలో వేసుకుంది.

దసరా వెళ్ళింది. ఒకనాడు నేను ఇంట్లో ఆకు కత్తిరిస్తుంటే మా బిడ్డ కేలండర్ ముందు నిలబడి, "బాపూ, ఇయ్యాల గద నీ విమానం" అంది.

నా చేతిలో కత్తెర ఆగింది. మా ఇంటామె తల ఎత్తలేదు.

"రేపటి ఆకు గూడ నానవెట్టిన" అంది బిడ్డతో. "ఎవలు కోస్తరట?"

బిడ్డ నన్ను చూసింది, అమ్మను చూసింది, పోయి తన ప్లగ్గు దగ్గర కూర్చుంది. నేను కత్తెర మళ్ళీ ఆడించాను. గచ్చు గట్టిగా ఉంది, తుంటి ఎముక నొప్పి పెడుతోంది, ఒక కాలు తిమ్మిరెక్కింది. అటు ఒరిగి చూశాను, ఇటు ఒరిగి చూశాను. ఇంకా సందులున్నాయి. చివరికి మా ఇంటామె మరకకు రెండు జానల అవతల, సున్నం ఇంకా తెల్లగా ఉన్న చోట తల వెనక్కి ఆనించాను.

"అల్లుడా" అని అత్త మంచం మీదినుంచి అరిచింది. "తలకు నూనె వెట్టుకున్నవా? గోడ ఖరాబైతది!"

పెట్టుకున్నాను. తల తీయలేదు.